ఆదివారం మాత్రమే ఫోన్ చెయ్యమన్నాను

మా అక్క కొల్లాపూర్ దగ్గరి పల్లెలో గొర్రెలు, మేకలు పెంచుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నేను నల్లగొండలో లెక్చరర్‌గా చేరినప్పటి నుంచి రోజూ పొద్దున్నే, మందను తోలుకుపోయే ముందు ఫోన్ చేసేది. గొర్రె కుంటుతోందనీ, బావ మాట వినడనీ, వాన జాడ లేదనీ చెప్పేది. నేను ఊ కొట్టేవాణ్ని.

ఒకసారి నార్కట్‌పల్లిలో బస్సు మారుతూ, జీవితంలో ఎదగడం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి కొన్నాను. పొద్దున మొదటి గంట మన కోసమే ఉంచుకోవాలని, ఎప్పుడూ కష్టాలే చెప్పేవాళ్లను కొంచెం దూరం పెట్టాలని అందులో ఉంది. ఆ మాటల కింద పెన్సిలుతో గీతలు గీసుకున్నాను. మర్నాడు అక్క ఫోన్ రాగానే చెప్పేశాను.

“అక్కా, దినాం పొద్దుగాల గిట్ల చెయ్యకు. నాకు చదువుకునేది ఉంటది. ఆదివారం చెయ్, జర నిమ్మలంగ మాట్లాడుకుందాం.”

“మంచిది తమ్మీ,” అని పెట్టేసింది.

కాదనడం నేర్చుకున్నానని నాకు గర్వంగా అనిపించింది. కాలేజీలో తోటివాళ్లకు చెప్పుకున్నాను కూడా.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం హైదరాబాద్‌లో వ్యక్తిత్వ వికాసం తరగతికి వెళ్లి, రోజంతా ఫోన్ ఆపేశాను. సాయంత్రం చూస్తే అక్క రెండుసార్లు చేసి ఉంది. వచ్చే వారం ఎలాగూ చేస్తుంది కదా అనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం చేసింది. పది రోజుల కింద పొట్టేలు పొడిస్తే రాళ్ల మీద పడిందట. ఊళ్లోనే కట్టు కట్టించుకుందట. కుడి మణికట్టు వాపు తగ్గడం లేదట.

“పది దినాలాయెనా! అప్పుడే ఎందుకు చెప్పలే అక్కా?”

“ఆదివారం కాకపాయె గద తమ్మీ. మొన్న ఆదివారం చేస్తే నీ ఫోన్ కలవలే.”

ఆ రోజే వెళ్లి మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. ఎముక వంకరగా అతుక్కుంటోందని, చెయ్యి మునుపటిలా తిరగదని డాక్టరు అన్నాడు. “ఇన్ని రోజులు ఏం చేసిండ్రు? ఇంట్ల చదువుకున్నోళ్లు లేరా?” అని కోప్పడ్డాడు.

“నాదే తప్పు సార్, ఎవ్వరికీ చెప్పలే,” అంది అక్క.

నేను పక్కనే ఎక్స్‌రే కవరు పట్టుకుని నిలబడ్డాను.

ఆపరేషన్‌కు అక్క ఒప్పుకోలేదు. ఇప్పుడు మేకల పాలు బావే పిండుతున్నాడు.

మొన్న సెలవుల్లో వెళ్లినప్పుడు ధైర్యం చేసి అడిగాను. “అక్కా, ఆదివారమే చెయ్యమన్నది నేను గద. నా మీద కోపం లేదా?”

అక్క తల దించుకుంది. “కోపమేంది తమ్మీ? చెయ్యి విరిగిననాడు గూడ ఏడ్వలే. నువ్వు గా మాటన్ననాడు ఏడ్సిన,” అంది.

ఆమె ఎడమ చేత్తో తొట్టిలోకి నీళ్లు వంచబోతుంటే, లేచి బిందె అందుకున్నాను.