చింతపండుతో తోమిన బ్యాడ్జీలు

సౌదీలోని దమ్మామ్‌లో మా వర్క్‌షాప్‌కు పెద్ద ఒక జర్మన్ ఇంజనీరు. నాకు బ్యాడ్జీల పిచ్చి పట్టించింది ఆయనే. వాళ్ల దేశంలో మాజీ సైనికులకు ఊరూరా సంఘాలుంటాయట. ఆయన చెప్పిన లెక్కన పాతికేళ్లు సభ్యుడిగా ఉంటే వెండి పూత పిన్ను, నలభై ఏళ్లుంటే బంగారు పూతది. గోరంత వస్తువు, చుట్టూ ఆకుల దండ, అడుగున అంకె. సెలవుకు వెళ్లొచ్చినప్పుడల్లా అక్కడి పాత సామాన్ల సంతలో కొన్నవి రెండో మూడో నా చేతిలో పెట్టేవాడు. స్టోర్‌లో నట్లూ బోల్టులూ చూసుకునే నాకు అవి ఎందుకంటే చెప్పలేను. బిస్కెట్ డబ్బాలో దూది పరిచి దాచుకునేవాణ్ణి. నా గదిలో ఉండే జగిత్యాల మేస్త్రీ, నాకంటే పెద్దవాడు, "గీ గుండీలు ఏం జేస్కుంటవ్ తమ్మీ" అని ఎగతాళి చేసేవాడు.

కువైట్ గొడవ ముదిరాక కంపెనీ జర్మన్లను ఇళ్లకు పంపేసింది. వెళ్లే రోజు ఆయన జేబులోంచి ఒక పిన్ను తీశాడు. వాళ్ల నాన్నదట, బంగారు పూతది. "ఇది నీ దగ్గరుంచు. దీనికోసమైనా తిరిగొస్తాను" అన్నాడు.

తర్వాత యుద్ధం, సైరన్లు మొదలయ్యాయి. కట్టుబడి పనులు ఆగిపోయి మేస్త్రీలంతా గదుల్లోనే కూర్చున్నారు. నన్ను మాత్రం స్టోర్‌కు రమ్మనేవారు. ఒక మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నా బ్యాడ్జీలన్నీ తువాలు మీద ఎండుతున్నాయి.

"గింత మురికి పెట్టుకొని ఎట్ల దాస్తవ్ తమ్మీ? పొద్దుగాల్నుంచి చింతపండు వెట్టి తోమిన. సూడు, ఇత్తడి చెంబుల లెక్క మెరుస్తున్నయి."

నిజమే, మెరుస్తున్నాయి. వెండిదీ బంగారుదీ తేడా లేకుండా అన్నీ ఇత్తడే, జర్మన్ వాళ్ల నాన్న పిన్ను కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

"అది మురికి కాదన్నా, పూత."

"మంచి పూతయితే ఎందుకు పోతది? నిన్నెవడో మోసం జేసిండు."

ఇంట్లో పూజ సామాన్లు అలాగే తోమి పెరిగిన మనిషాయన. అయినా రెండు రోజులు విడిగా తిన్నాను. అలిగానని కూడా ఆయనకు అర్థం కాలేదు, నా కంచం కూడా తోమి పెట్టాడు.

యుద్ధం ముగిశాక జర్మన్ తిరిగొచ్చాడు. వచ్చిన శుక్రవారమే మా గదికి వచ్చాడు. డబ్బాలోంచి పిన్ను తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. అడగకముందే నేను ఇంగ్లీషులో, "నేను కాదు, ఇతను" అని మేస్త్రీని చూపించాను. మేస్త్రీ మెప్పు కోసం చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"నేనిచ్చింది నీకు కదా" అన్నాడు జర్మన్. పిన్ను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"సారు ఏమన్నడు తమ్మీ?"

ఆ ముఖం చూస్తే కోపమూ వచ్చింది, నా మీద నాకు సిగ్గూ వేసింది.

"మంచిగ తోమినవన్నడు" అన్నాను.