పెబ్బేరు సంత దాటని అధ్యాయం

ఎం.ఫిల్. పట్టా కోసం నేను రాసిన వ్యాసంలో చివర ఇంకొక అధ్యాయం ఉండేదని, అది విశ్వవిద్యాలయం దాకా పోకుండా పెబ్బేరు పశువుల సంతలోనే ఆగిపోయిందని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపించిందంటే కారణం మా అక్క కూతురు. నాగర్‌కర్నూల్లో మా ఇంట్లోనే ఉండి గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న ఆ పిల్ల మొన్న వంటింటి గడప మీద కూర్చుని, నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, "ఉగ్రవాదం: నిర్వచనం, లక్షణాలు, రకాలు" అని వీధి చివరిదాకా వినపడేటట్టు బట్టీ పడుతోంది. నా చెయ్యి దానంతటదే లేచి కిటికీ రెక్క మూసింది. "ఎందుకు చిన్నమ్మా, ఉక్క పోస్తలేదా" అని ఆ పిల్ల విసుక్కుంది. 

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేలు దాటిన తొలి ఏళ్లలో ఏ టీవీ పెట్టినా, ఏ పేపరు విప్పినా ఆ ఒక్క మాటే. ఎక్కడో దూరదేశంలో మేడలు కూలాక ప్రపంచమంతా దాన్ని పలవరించింది. హైదరాబాదులో మా గైడుసారు ఆ గాలిలోనే నాకు ఆ విషయం అప్పజెప్పారు. ఉగ్రవాదమనే మాట చరిత్రలో ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరిని అలా పిలిచారు అన్నది నేను రాయాలి. పదిమందిలో నోరు తెరవడానికే సిగ్గుపడి, అనలేని మాటలన్నీ డైరీలో రాసుకునే పిల్లను, నాకు విశ్వవిద్యాలయం గ్రంథాలయం చల్లని నీడలాగ దొరికింది. ఫ్రెంచి విప్లవం నాటి పాలకులు భయపెట్టి ఏలడమే ధర్మమని బాహాటంగా చెప్పుకున్నారని, రష్యాలో చక్రవర్తి మీద బాంబులు వేసినవాళ్లు ఆ పేరును బిరుదులాగ మోశారని, మనల్ని ఏలిన తెల్లవాళ్లు మన విప్లవవీరులకు అదే పేరు పెట్టారని చదువుతుంటే నాకు తిండి గుర్తొచ్చేది కాదు. ఇన్ని దేశాలు, ఇంతమంది పండితులు కలిసి దానికి ఒక్క నిర్వచనం ఒప్పుకోలేకపోయారన్నది మాత్రం భలే చిరాకు తెప్పించేది. ఇంట్లో అడిగితే ప్రపంచ చరిత్ర చదువుతున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు కదా.

గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఆ ఎండాకాలం లోపల ఇవ్వకపోతే పేరు కొట్టేస్తామన్నారు, నాయిన కూడా ఇంక పట్నం పంపేది లేదన్నాడు. అచ్చంపేట దాటి అడవి అంచున ఉన్న మా ఊరికి పుస్తకాలన్నీ మోసుకొచ్చి, పగలంతా కూర్చుని రాసుకున్నాను. మిగతా అధ్యాయాలు పుస్తకాల్లోంచి పుట్టినవి. చివరిదొక్కటే నాది, మా ఊరి గురించి రాసింది. అడవిలోంచి వచ్చినవాళ్లు కుక్కలు మొరిగితే తమ జాడ తెలుస్తుందని వాటిని ఉంచొద్దన్నారు, తర్వాత జీపులో వచ్చినవాళ్లు ఈ ఊళ్లో కుక్కలెందుకు లేవని నిలదీశారు. వాకిట్లో పెద్ద గంజు తోమి బోర్లిస్తే ఎవరికి వండిపెట్టారని అడుగుతారని ఆడవాళ్లు పెళ్లికి కూడా చిన్న గిన్నెల్లోనే విడతలుగా వండేవాళ్లు. తుపాకీ పట్టుకుని అడిగినవాళ్లకు అన్నం పెట్టినందుకు మా మేనమామను స్టేషనుకు తీసుకుపోయారని, అక్కణ్నించి వచ్చాక ఆయన ఎడమ కాలు ఈడ్చి నడుస్తున్నాడని కూడా రాశాను. ఇవేవీ ఏ పండితుడి పుస్తకంలోనూ లేవు. అందుకే ఆ అధ్యాయం మీద నాకంత మమకారం.

ఒకరోజు పొద్దున, జీపు పక్కూరికి వచ్చిందని కబురు తెలిసేసరికి నేను చెలకలో ఉన్నాను. అలాంటి కబురు వస్తే మా దగ్గర ప్రతి ఇంట్లో ఆడవాళ్లు మొదట చేసే పని ఎర్రగా ఉన్నవన్నీ దాచెయ్యడం. దండెం మీది ఎర్ర తువ్వాలతో మొదలుపెట్టేవాళ్లు. అమ్మకు అక్షరం ముక్క రాదు, రంగు మాత్రం తెలుసు. తమ్ముడి లెక్కల గైడు, నా తెలుగు నిఘంటువు, నాయినకు ఎరువుల దుకాణంవాళ్లిచ్చిన క్యాలెండరు, నా వ్యాసం మొత్తం ఉన్న ఎర్ర ఫైలు అన్నీ సంచిలో కుక్కి, అప్పుడే ఎడ్లను డీసీఎం లారీలో ఎక్కించుకుని పెబ్బేరు సంతకు బయలుదేరిన మా మేనమామ చేతికిచ్చి గడ్డి కింద పెట్టించింది. అరలో ఎదురుగా మాత్రం గ్రంథాలయం నుంచి తెచ్చిన దిండంత పుస్తకం, వేలెడంత బంగారు అక్షరాల్లో ఉగ్రవాదం అని ఇంగ్లీషులో మెరుస్తూ అలాగే ఉంది. దాని అట్ట నీలం.

నేను ఇల్లు చేరేసరికి ఎస్సైగారు ఆ పుస్తకమే చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. 

"ఇదేంది?" అన్నారాయన.

"పరీచ్చ పుస్తకం సారూ. పిల్ల పట్నంల పెద్ద సదువు సదువుతుంది" అంది అమ్మ, చల్ల గ్లాసు అందిస్తూ.

ఆయన పేజీలు తిప్పి తిప్పి, "మా డిపార్ట్‌మెంటు పరీక్షల గూడ గిదే అడుగుతుండ్రమ్మా. డెఫినిషన్ ఏం రాయాలె?" అని నన్ను అడిగారు.

"ఒక్కటంటూ లేదు సార్. ఒక్కొక్కరు ఒక్కో తీరు రాసిన్రు" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"మరి మార్కులెట్ల ఏస్తరు?" అని ఆయన నిజంగానే పరేషానై, చల్ల తాగి, పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి వెళ్లిపోయారు.

జీపు దుమ్ము సద్దుమణిగాక నా ఫైలు ఏదని అడిగితే అమ్మ గర్వంగా చెప్పింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అది పరీక్ష కాగితం, అట్ట తప్ప అందులో ఎర్రదేమీ లేదు, దాచవలసింది ఆ నీలి పుస్తకాన్నంటే, "నాకేం తెల్వదే పిల్లా, ఎర్రగుంది, తీసిన. ఆ నీలిదాంట్ల గసుంటిది ఉందని నాకు జెప్పినవా?" అని ఎదురు నన్నే తిట్టింది.  మామ సంత ముగించుకుని చుట్టాలందరినీ చూసుకుని ఎప్పుడొస్తాడో దేవుడికెరుక, గడువేమో నెత్తిమీదికి వచ్చింది.

మర్నాడు ఒంటరిగా బస్సెక్కాను. అంతకుముందు అచ్చంపేట దాటి హైదరాబాదు దారి తప్ప ఎరగనిదాన్ని, నాగర్‌కర్నూలులో ఒక బస్సు, వనపర్తిలో ఇంకొక బస్సు మారి పెబ్బేరులో దిగేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. సంత నిండా ఎడ్లు, మగవాళ్లు, పేడ, దుమ్ము. ఆడపిల్ల అన్నదాన్ని నేనొక్కదాన్నే. అందరూ ఎడ్లను చూసినట్టే నన్నూ ఎగాదిగా చూస్తుంటే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెతికాను. తీరా మామ కనపడేసరికి ఆయన గట్టు అనే ఊరి నుంచి వచ్చిన ఒక రైతుతో బేరంలో ఉన్నాడు. ఇద్దరి చేతులూ తువ్వాల కింద. వేళ్లు నొక్కి ధర చెప్పుకునే ఆ బేరం మధ్యలో ఎవరూ పలకరించకూడదు, పలకరిస్తే బేరం చెడుతుందని తిడతారు. ఆ ఇద్దరు మనుషులు ఒక్క మాటా లేకుండా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ నిలబడితే, నా చదువంతా ఆ తువ్వాల తీసేదాకా ఆగవలసి వచ్చింది.

చివరికి చెయ్యి బయటికి తీసి నన్ను చూసి, "ఏం కోడలా, ఎడ్లు కొనొచ్చినవా?" అని నవ్వాడు. సంచి తెచ్చిచ్చాడు. అక్కడే కింద కూర్చుని ఫైలు విప్పాను. ఫ్రాన్సు ఉంది, రష్యా ఉంది, తెల్లవాళ్ల పాలన ఉంది. చివరి అధ్యాయం లేదు.

"మామా, ఎనక కాగితాలేవి?"

"ఏ కాగితాలు? జర చాయ్ తాగుతవా?"

"మన ఊరి గురించి రాసినవి. లెక్క జూస్తే అవొక్కటే లేవు."

"అవ్వా? పొద్దుగాల కట్టెలు పచ్చిగుండె కోడలా, మంట అంటుకోలే. చేతికందినయి తీసి పొయ్యిల పెట్టిన. చాయ్ మాత్రం మంచిగైంది."

ఆయన సంతకం పెడతాడు, బస్సు బోర్డు కూడబలుక్కుంటాడు, అంతకుమించి చదువు రాదని మా ఇంట్లో అందరి నమ్మకం. అంత పెద్ద ఫైల్లో సరిగ్గా అదే పొయ్యిలోకి పోవాలా అని నా కర్మను నేనే తిట్టుకుంటూ, గడ్డి అంటిన నిఘంటువును చంకన పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. జిరాక్సు తీయించి పెట్టుకోనందుకు నా మీద నాకే మంట. మళ్లీ రాయడానికి సమయం లేదు. సారు దగ్గరికి పోయి ఒక అధ్యాయం పోయిందంటే, "ప్రపంచం సరిపోతుందమ్మా, మళ్లీ ఊరెందుకు" అన్నారు. పట్టా వచ్చింది. ఇంట్లో మిఠాయి పంచారు. మామతో నేను చాలా కాలం సరిగ్గా మాట్లాడలేదు. మామూలుగానే మాట్లాడనిదాన్ని కాబట్టి అది ఎవరూ గమనించలేదు, అదొక చిరాకు.

ఇప్పుడు మా ఊళ్లో కుక్కలు హాయిగా మొరుగుతున్నాయి. పెళ్లయితే పెద్ద గంజులు అద్దెకు తెచ్చి వాకిట్లోనే పొయ్యి పెడుతున్నారు. అడవి చూడ్డానికి పట్నంవాళ్లు పిల్లలతో కార్లలో వస్తున్నారు. ఆ భయం పోయినందుకు సంతోషించనిదెవరు? కానీ అది ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, మా అక్క కూతురి పుస్తకంలో మిగిలింది మూడు లక్షణాలు, నాలుగు రకాలు.

మామ కూడా వెళ్లిపోయాడు. చివరిసారి నాగర్‌కర్నూలు దవాఖానలో చూశాను. అత్త మందులకు బయటికి పోయింది. గ్లాసులో గంజి పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆయన తాగలేదు, గ్లాసు పక్కన పెట్టమని సైగ చేసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను సదివిన కోడలా. ఏలు పెట్టుకుంట, ఆ దినమంత, రాత్రంత సదివిన. నా కాలు సంగతి గూడ ఉండె గదా. అంత నిజమే రాసినవు, ఒక్క అబద్ధం లేదు. గందుకే కాలవెట్టిన."