మన యార్డులో బావి ఏదీ?

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, వెనకాల పాతాళం మేడమ్ అనేవారు. ఆ పేరు తన చెవిన పడిన రోజున ఆమె కోప్పడలేదు సరికదా, "ఆకాశం మేడమ్ అనలేదు, నయం. వాతావరణం వాళ్ల జోస్యాలు మోయడం నా వల్ల కాదు" అంది. రాళ్ల చదువు చదివి ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆమె చూపు నేల కిందే. భూగర్భ జలాలూ, వాటిని పాడుచేసే మురుగూ, నూనెలూ, రసాయనాలూ అన్నీ ఆమె పెత్తనం కిందివే. ఎక్కడ బోరు వెయ్యాలన్నా, ఏ కార్ఖానాకి తాళం పడాలన్నా ఆమె సంతకం కావాలి. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే ముందు పెరట్లో బావి దగ్గరికి నడిచేది. ఎంత లోతని అడిగేది. చెప్పిన జవాబు నమ్మక, చేతిసంచిలో దువ్వెన పక్కనుండే టేపు తీసి తానే కొలుచుకునేది.

"మా ఆవిడ పెళ్లైన కొత్తలోనే నన్నూ కొలిచేసింది. లోతు లేదని తేల్చింది" అని భర్త అందరి ముందూ నవ్వేవాడు. ఆమె కాదనేది కాదు.

ఆమెకి తన మీద తనకి నమ్మకం జాస్తి. పొగరన్నవాళ్లూ ఉన్నారు. కాస్త పొగరు ఉన్నమాట నిజమే, దాచడమెందుకు. కానీ కొలవకుండా మాట జారిన పాపాన పోలేదని ఆమె అంటే గిట్టనివాళ్లు కూడా ఒప్పుకునేవారు.

ఇంక ఎనిమిది నెలల్లో రిటైరవుతుందనగా ఆఫీసుకి ఎదురుగా ఉన్న కాలనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. కాలనీ బోరు నీళ్లు డీజిల్ వాసన వేస్తున్నాయి. కుళాయి తిప్పితే చాలు, వంటిల్లంతా కంపు. పిల్లలకి వాంతులు. కాలనీ సంఘం పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు, గాజు సీసాలో నీళ్లు పట్టుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టి, "దోషి ఎవరో మీకు చెప్పక్కర్లేదు" అన్నాడు. కాలనీకి ఎగువన లారీలు బాగుచేసే షెడ్డుంది. వాన పడితే ఆ షెడ్డు ముందునుంచి నీళ్లు జిడ్డుజిడ్డుగా కాలనీ రోడ్డు మీదికే వస్తాయి. భూమి పైన అంత కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంటే కింద వేరేగా ఎందుకుంటుందని ఆయన వాదన. షెడ్డుని మూయించాలని అర్జీ మీద కాలనీ అంతా సంతకాలు పెట్టింది.

ఆ షెడ్డు ఆమె చెల్లెలి మొగుడిది.

ఆమె ఆ రోజే డైరెక్టరుకి ఫోను చేసి, తన మరిది షెడ్డు గనక ఈ పని ఇంకొకరికి అప్పగించమంది. "ఇంకొకరెవరున్నారమ్మా? వారంలో తేల్చండి. తేలకపోతే షెడ్డుకి సీలు వేసేయండి, జనం ఊరుకుంటారు" అని ఆయన పెట్టేశాడు.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గరే నిలబడింది.

"అక్కా, ఒకసారి సీలు పడితే మళ్లీ ఒక్క లారీ కూడా మా గుమ్మం తొక్కదు. ఆయన ఇరవై ఏళ్ల కష్టం. ముప్పై మంది మెకానిక్కులు రోడ్డున పడతారు. మాది కాదని నువ్వు అంటే ఎవరూ కాదనరు కదే."

"నేనంటే ఎవరూ నమ్మరు. నువ్వు నా చెల్లెలివి."

"మరేం చేస్తావు?"

"వాళ్లచేతే కొలిపిస్తాను. మీదేనని తేలితే సీలు నా చేత్తోనే వేస్తాను, అదీ చెబుతున్నాను."

చెల్లెలు మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. అయినా మర్నాడు పొద్దున్నే ఆమె కాలనీ మీటింగు హాల్లో నిలబడి, షెడ్డు తన మరిదిదని మొదటి మాటగా చెప్పేసింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "అందుకే టేపు నేను పట్టుకోను. మీరు పట్టుకోండి" అని సుద్ద రాసిన ఉక్కు టేపు తీసి హెడ్మాస్టరు చేతిలో పెట్టింది.

ఆమె చేయించింది చాలా తేలిక పని. కాలనీ బోరుని ఓ రాత్రి ఆపి, మర్నాడు పగలంతా ఆపకుండా తోడించింది. ఆ బోరు నీళ్లు ఏ వైపునుంచి లాక్కుంటుందో ఆ వైపు బావుల్లో నీటిమట్టం తగ్గుతుంది. కాలనీకి పడమటనున్న షెడ్డులో బావి ఉంది. హెడ్మాస్టరు గంటగంటకీ అందులోకి టేపు దించి, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో కళ్లజోడు సర్దుకుని మరీ చూశాడు. సాయంత్రమైనా మట్టం వేలెడు కూడా కదల్లేదు. మధ్యలో గోడలాంటి నల్లరాయి అడ్డుంది, అటు నీళ్లు అటే, ఇటు నీళ్లు ఇటే. షెడ్డు బావి నీళ్లు లాబుకి పంపితే శుభ్రంగా ఉన్నాయని వచ్చింది.

"మరి మా నీళ్లలోకి డీజిల్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" హెడ్మాస్టరు గొంతు తగ్గలేదు. ఆయన తప్పేం లేదు, ఇంట్లో మనవరాలికి జ్వరం.

ఆమె తన కింద పనిచేసే అసిస్టెంటు జియాలజిస్టుని పిలిచి మ్యాపు పరవమంది. కాలనీ బోరు తోడిన రోజున ఉత్తరాన తమ శాఖ గమనించే బావి మట్టం కూడా కదల్లేదు. దక్షిణాన ఉన్నదీ అంతే.

"తూర్పున?"

"అటు మనం గమనించే బావి లేదు మేడమ్."

"ఎందుకు లేదు?"

అతను మ్యాపు వైపే చూస్తూ నసిగాడు. "అటు ఉన్నది మన ఆఫీసే కదండీ."

ఆమె మ్యాపులో తన ఆఫీసు ఉన్న చోట వేలు పెట్టింది. పెట్రోలు బంకుల్లో, కార్ఖానాల్లో, స్కూళ్లలో, ఆస్పత్రుల్లో, అడిగినవాళ్లవీ అడగనివాళ్లవీ పెరళ్లన్నీ తవ్వి గొట్టాలు దింపించింది. తన ఆఫీసు యార్డులో మాత్రం ఒక్కటీ లేదు. అక్కడ కూడా కొలవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ యార్డులోనే బోర్లు తవ్వే బళ్లకి డీజిల్ పోసే ట్యాంకు నేలలో పాతి ఉంది. బంకుల వాళ్ల ట్యాంకులు ఏటా పరీక్ష చేయించి, ఆలస్యమైతే తిట్టిపోసే మనిషి, సొంత ట్యాంకు మూత ఎత్తి ఎరగదు. ఆమెకి సిగ్గేసింది. చెవులదాకా వేడెక్కేంత సిగ్గు.

"బండి స్టార్ట్ చెయ్యమను" అంది.

ఆఫీసు బోరు బండి తన యార్డులోనే తవ్వడం మొదలుపెట్టింది. సిబ్బంది అంతా వరండాలో చేరారు. నీళ్లు తగలకముందే వాసన తగిలింది. ముక్కున్న ప్రతివాడికీ తెలిసిపోయింది, లాబు అక్కర్లేకుండానే.

డైరెక్టరు ఈసారి తనే ఫోను చేశాడు. "ఏం తేలలేదు, ఇంకా పరిశీలిస్తున్నామని రాసేయండి. షెడ్డుకి సీలు వద్దులే. మీ వాళ్లూ బతుకుతారు, మనమూ బతుకుతాం."

"తేలలేదంటే కాలనీ దృష్టిలో షెడ్డే దొంగ, సార్. జన్మంతా అదే మాట పడాలి. పైగా ఆ ట్యాంకు కారుతూనే ఉంటుంది."

"మెమో మీ పేరు మీదే వస్తుంది. రిటైరయ్యే ముందు కావాలా ఇది?"

"రానివ్వండి" అంది.

మర్నాడు అదే హాల్లో, ఆఫీసు డీజిల్ ట్యాంకు కారి కాలనీ నీళ్లు పాడయ్యాయని ఆమె నోటీసు చదివింది. ఇచ్చింది తన శాఖే, అందుకున్నదీ తన శాఖే. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు. లేచి, "ఆ యార్డు బాధ్యత ఏ అధికారిదండీ?" అని అడిగాడు.

"నాది. ట్యాంకు చూడాల్సింది నేను. చూడలేదు."

సంజాయిషీ ఏమీ జోడించలేదు. ట్యాంకు మర్నాడే పైకి తీయిస్తానంది. నేల శుభ్రపడడానికి రెండేళ్లు పడుతుందనీ, అందాకా బోరు వాడొద్దనీ చెప్పింది. తర్వాత వెనక వరసలో చెల్లెలి పక్కన కూర్చున్న మరిది వైపు తిరిగింది. "మంచి నీళ్లున్న బావి దగ్గర్లో ఒక్కటే ఉంది. అది మీది. పైపు వేసుకోనిస్తారా అని ఆఫీసు తరఫున అడుగుతున్నాను. మీ ఇష్టం."

అందరూ వెనక్కి తిరిగారు. మూయించాలని సంతకాలు పెట్టినవాళ్లే అందరూ. ఆయన చేతికి అంటిన గ్రీజు చూసుకుంటూ ఓ క్షణం ఆలోచించాడు.

"పిల్లలున్న ఇళ్లు కదండీ. రేపు పొద్దున్నే రండి, మా కుర్రాళ్లు కూడా ఓ చెయ్యి వేస్తారు."

హెడ్మాస్టరు తల దించుకునే ఆయన దగ్గరికి నడిచాడు. ఇద్దరూ పైపు ఎటు తీయాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

చెల్లెలు బయట మెట్ల దగ్గర అక్కని పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎనిమిది నెలలు కళ్లు మూసుకుంటే పోయేదిగా. మా కోసం నీ పేరు పాడు చేసుకున్నావు."

"మీ కోసమైతే మొదటిరోజే మీది కాదని చెప్పి చేతులు దులుపుకునేదాన్ని" అంది అక్క. "ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్ల తప్పులు పట్టుకున్నాను. నా తప్పు నేను పట్టుకోకుండా ఇంటికెళ్లి కూర్చుంటే నా మాట నాకే నమ్మకం ఉండదు."

చెల్లెలు కళ్లు తుడుచుకుని అక్క చేతిసంచి తను అందుకుంది. ఇద్దరూ రోడ్డు దాటి ఆఫీసు వైపు నడిచారు. యార్డులో అప్పటికే ట్యాంకు చుట్టూ మట్టి తవ్వుతున్నారు.