అక్క చేతి మీద సకినాల పిండి

సిద్దిపేటలో మా ఇంటికి, మా అక్క ఇంటికి రెండు గల్లీల దూరం. అక్క బీడీలు చేస్తుంది, బావ కల్లు గీస్తాడు. నేను ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతాను. ఆ బడిలో మందుల డబ్బా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పిల్లల మోకాళ్లు గీరుకుపోతే తుడిచి, దూది పెట్టి, పట్టీ వేసేది నేనే. ఆ తాళంచెవి నాకు లేని పెద్దరికం తెచ్చిపెట్టింది. అక్క వాళ్ల గల్లీలో ఎవరికి జ్వరం వచ్చినా, కడుపు నొచ్చినా ముందు నాకే ఫోను చేసేవాళ్లు. నేనూ ఏదో ఒకటి చెప్పకుండా ఫోను పెట్టేదాన్ని కాదు. తెలియదు అనే మాట నా నోట తేలిగ్గా రాదు.

అక్కకు ఒక్కతే కూతురు. రాయపోల్‌లో ఇచ్చారు. పురుటికి పుట్టింటికి వచ్చింది, పాపకు ఐదో నెల వచ్చింది. ఇక తల్లీబిడ్డలను అత్తగారింటికి పంపాలి. పంపేటప్పుడు వెంట సారె కట్టాలి, సారె అంటే మాకు సకినాలు ఉండాల్సిందే. రెండు గంపల నిండా చేసి పంపకపోతే వియ్యపురాలు ఏమనుకుంటుందోనని అక్క వారం ముందు నుంచే కంగారు పడింది.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. సకినాలు చుట్టడానికి గల్లీలోని ఆడవాళ్లు నలుగురు వచ్చారు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, వేళ్లతో తాడులా పేనుతూ తెల్ల బట్ట మీద చుట్లు చుట్టారు. బట్ట ఆ తడిని పీల్చుకుని సకినాలు ఆరాలి, అప్పుడే వాటిని నూనెలో వేయాలి. ముసురు రోజు బట్టే తడిగా ఉంటే అవేం ఆరతాయి? ఒకావిడ ఆ మాట అన్నది కూడా. అక్క వినలేదు. సాయంత్రానికి అన్నీ కాల్చి, చల్లార్చి, గంపల్లో సర్దాలని ఆమె తొందర. రేకుల కింద కట్టెల పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టి నూనె కాచింది.

మొదటి రెండు వాయిలు బాగానే వచ్చాయి. మూడో వాయిలో అక్క ఆరేడు సకినాలను పళ్లెంలోంచి ఒక్కసారే జార్చింది. ఒకటి పేలింది. దాని వెనకే ఇంకోటి. నూనె పొంగి, మూకుడు అంచు దాటి అక్క కుడిచేతి మీదికి దూకింది. పళ్లెం కింద పడ్డ చప్పుడు విన్నాం కానీ అక్క అరుపు వినలేదు. ఆమె చేతిని గాలిలో ఎత్తి పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడింది.

బొటనవేలు, పక్క రెండు వేళ్లు తప్పించుకున్నాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు, అరచేతి అంచు, మణికట్టు దాకా కాలింది. మణికట్టు దగ్గర చర్మం అప్పటికే ఎర్రగా కమిలింది.

అక్క కూతురు పాపను ఎవరి ఒళ్లోనో పడేసి, బకెట్టూ చెంబూ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చెంబు ముంచి అక్క చేతి మీద పోయబోయింది. నేను అడ్డం వెళ్లి చెంబు లాక్కున్నాను.

"నీళ్లు పొయ్యకు. బొబ్బలు లేస్తయి."

ఎంత గట్టిగా అన్నానంటే ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. కాలిన చోట నీళ్లు పడితే బొబ్బ లేస్తుందని నా చిన్నప్పుడు మా అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్ల అవ్వ చెప్పి ఉంటుంది. బడిలో ఇన్నేళ్లు మందుల డబ్బా మోసినా ఆ మాట నిజమో కాదో నేను ఒక్కసారైనా ఎవరినీ అడగలేదు. ఎదురుగా గంపెడు పిండి ఉంది, ముట్టుకుంటే చల్లగా ఉంది. దోసిట్లోకి తీసుకుని అక్క చేతికి మెత్తాను. వేలికి ఉంగరం ఉండడం చూశాను, చూసి కూడా దాని మీదుగా పిండి పూశాను. మణికట్టు దాకా గోడకు మట్టి పూసినట్టు పూశాను. అది వేడి గుంజేస్తుందని అందరికీ చెప్పాను. అందరూ నమ్మారు, అక్క అందరికంటే ముందు నమ్మింది.

సారె పని మొదలుపెట్టాక మధ్యలో పొయ్యి ఆర్పరాదని మా ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. అందుకని ఆ నూనెలోనే మిగతా సకినాలన్నీ కాల్చాం. అక్క గోడకు ఆనుకుని కూర్చుని, పిండి కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఏది ఎర్రబడిందో ఏది తీయాలో ఎడమచేత్తో చూపించింది. కాలిన వాసన ఏది సకినానిదో ఏది కాదో తెలియలేదు.

సాయంత్రం వెళ్లి ఎలా ఉందని అడిగాను. మణికట్టు దగ్గర మంటగా ఉందట, వేళ్ల దగ్గర మాత్రం ఏమీ లేదట.

"ఏళ్లకాడ మంటనే లేదే. నీ పిండి మంచిగ పనిచేసింది."

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఇంటికి వెళ్లి మా ఆయనతో కూడా చెప్పుకున్నాను.

మర్నాటికి పిండి ఎండి బిర్రబిగిసింది. దాని అంచు దగ్గర చర్మం ఉబ్బి మెరుస్తోంది, ముంజేయి దిండులా అయింది. దగ్గరికి వెళితే పులిసిన వాసన వచ్చింది. పిండి కదా, పులుస్తుంది మరి అనుకున్నాను. అక్క ఒళ్లు వెచ్చగా ఉంటే జ్వరం గోలీ ఇచ్చాను. దవాఖానకు పోదాం చిన్నమ్మా అని అక్క కూతురు రెండుసార్లు అడిగింది. రెండోసారి ఏడుపు ముఖంతో అడిగింది. అక్క ఒప్పుకోలేదు. దవాఖాన గడప తొక్కి వచ్చి ఆ చేతులతో సారె పంపుతారా అన్నది. నేను అక్క పక్షమే మాట్లాడాను. రేపు పిల్లను సాగనంపాక చూద్దాంలే, మంట లేదంటుంది కదా అన్నాను. నా లోపల ఎక్కడో ఒక భయం కదులుతూనే ఉంది. దాన్ని పైకి తెస్తే నా పెద్దరికం పోతుంది, అందుకని నొక్కిపెట్టాను.

మూడో రోజు ఒడిబియ్యం పోశారు. అక్క కూతురు కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుని, పాపను పక్కన పడుకోబెట్టుకుని కొంగు పరిచింది. తల్లి దోసిళ్లతో పసుపు బియ్యం పోయాలి, అది కూడా రెండు చేతులూ కలిపి పోయాలి. ఒక్క ఎడమచేత్తో పోస్తే కీడని అక్క కాలిన చేతిని కూడా ఎత్తింది. వేళ్లు వంగడానికి వీలుగా పిండిని అంచుల దగ్గర తనే గిల్లి తీసింది. దోసిట్లోకి బియ్యం తీసుకుని వంగింది. కొంగులో పడాల్సిన బియ్యం చిటికెన వేలి వైపు నుంచి పీట మీదికి, నేల మీదికి కారిపోతున్నాయి. అక్కకు తెలియడం లేదు. ఇంకా దోసిట్లో ఉన్నాయనుకునే పోస్తోంది. కూతురు తలెత్తి చూసింది.

అక్క ఆగిపోయింది. చేతిని దగ్గరికి తెచ్చుకుని, వేళ్ల మధ్య ఇరుక్కున్న గింజలను చూసింది. తర్వాత నా వైపు చూసి మెల్లగా అన్నది.

"బియ్యం తాకుతున్నట్టే తెలుస్తలేదే నాకు."

మంట లేకపోవడం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. మూడు రోజులుగా నేను నయమైందనుకున్నది నయం కాదు, ఆ వేళ్లకు మంట తెలిసే శక్తే పోయింది.

ఒడిబియ్యం మిగతా దోసిళ్లు ఎవరు పోశారో నాకు గుర్తు లేదు. ఆటోలో అక్కను దవాఖానకు తీసుకువెళ్లాను. అక్కడ ఒక డాక్టరమ్మ, వయసులో చిన్నదే, గంటసేపు మందునీళ్లతో పిండిని నానబెట్టింది. పెచ్చులు పెచ్చులుగా తీసింది. నువ్వులు చర్మానికి అతుక్కుపోయి ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటే చిమటాతో ఏరింది. మణికట్టు దగ్గర బొబ్బలు, ఎరుపు. ఆమె అక్కడ తాకితే అక్క కేక వేసింది. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి పిండి అయిపోయినా తెలుపు అయిపోలేదు. చర్మమే మైనంలా తెల్లగా ఉంది. పిండి తెలుపు కింద ఆ తెలుపు మాకు కనబడలేదు. ఆమె సూదితో పొడిచింది. అక్క గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది. ఆ ఉబ్బులో ఉంగరం ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. దాన్ని కత్తిరించి తీసేసరికి ఉంగరానికి పైనున్న వేలి భాగం నల్లబడి ఉంది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎర్రగా ఉండి, బొబ్బ లేచి, మండుతుంటే కాలింది పైపైనే అని, తెల్లగానో నల్లగానో మారి మంట లేకపోతే లోతుగా కాలిందని, అదే ఎక్కువ ప్రమాదమని చెప్పింది. కాలిన వెంటనే ఉంగరాలు, గాజులు తీసేసి, నల్లా కింద ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టి, శుభ్రమైన బట్ట వదులుగా కప్పి తీసుకొస్తే సరిపోయేదట. పిండి, పసుపు, పేస్టు, ఐసు ఏదీ పెట్టకూడదట. నల్లా అక్క పొయ్యికి నాలుగు అడుగుల దూరంలో ఉంది.

చివరికి ఆమె, ఇది ఎవరు పెట్టారని అడిగింది. నేను ఆమె చిమటాతో ఏరి పెట్టిన నువ్వుల వైపు చూశాను.

"నేనే పెట్టుకున్న మేడం," అన్నది అక్క. "ఎవ్వలు చెప్పలే."

అక్క ఉంగరం వేలు తీసేశారు. తొడ చర్మం తీసి అరచేతి అంచుకు అతికారు. చిటికెన వేలు వంగిపోయి అలాగే ఉండిపోయింది. బీడీ ఆకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, కొసలు మడవాలంటే ఆ రెండు వేళ్ల ఆసరా కావాలి. ఐదు నెలలు అక్క ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే చాట ముట్టలేదు. తర్వాత ముట్టింది. ఒక బీడీ చుట్టడానికి రెండుమూడు సార్లు జారవిడిచి, మళ్లీ పట్టుకుని, ఎలాగో చుడుతుంది. నేను అక్కడ కూర్చుని చూడలేను.

గల్లీలో, బీడీ కార్ఖానాలో చేతికి ఏమైందని ఎవరడిగినా అక్కది ఒకటే జవాబు. మా చెల్లె దవాఖానకు పట్టుకపోబట్టి ఒక్క వేలితో పోయింది, లేకుంటే చెయ్యే పోతుండె అంటుంది. నా ఎదుట అన్నది, నా వెనక కూడా అన్నదట. విన్నవాళ్లు నన్ను మెచ్చుకుంటారు. మళ్లీ నాకే ఫోన్లు చేస్తారు. అక్క కూతురు రాయపోల్ నుంచి వచ్చినప్పుడు ఈ మాట వింటే మాత్రం పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోతుంది.

మొన్న అక్క ఇంట్లో ఇంకెవరూ లేని వేళ వెళ్లి, ఆమె దగ్గర కూర్చుని అడిగేశాను. నీ బిడ్డ చేతిలో చెంబు గుంజుకున్నది నేను, ఆ పిండి పెట్టింది నేను, అందరికీ ఈ అబద్ధం ఎందుకు చెబుతున్నావని అడిగాను. అక్క చాట మీద నుంచి తల ఎత్తలేదు.

"నాకెర్కనే," అన్నది. "గట్ల చెప్పకుంటె నువ్వు మా ఇంటికి వచ్చుడే బంద్ చేస్తవ్."

అంతకుముందే మూడు వారాలుగా నేను ఆ గల్లీ వైపు వెళ్లలేదు.