నాకంటే పెద్ద కూతురు

మొన్న ఆదివారం తెల్లవారుతుండగా మా మేడ మీది అక్క పోయింది. మర్నాడు మట్టి చేశాం. ఆవిడ క్రైస్తవురాలు. ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి, "ఇంటివాళ్ళు రెండు మాటలు చెప్పండి" అన్నారు. ఆవిడ సొంతవాళ్ళెవరూ అక్కడ లేరు. కూతురు ఎక్కడో కొండల్లో టార్పాలిన్ కింద కాపురం ఉంటోంది, దారులు మూసేశారు. అందరూ నా వైపు చూశారు. నాకు నలుగురిలో మాట రాదు. మన గుళ్ళో హారతి పాట కూడా పక్కవాళ్ళ గొంతు చాటునే పాడతాను. చేతులు జోడించి ఊరుకున్నాను. ఆ చెప్పలేకపోయిన రెండు మాటల కోసమే ఇప్పుడు కలం పట్టాను. శుక్రవారం భజనకి వచ్చే మీరంతా ఆవిడని మా మెట్ల మీద చూసే ఉంటారు. ఎవరని అడిగితే అప్పట్లో నేను సరిగ్గా చెప్పలేదు.

ఆవిడ బర్మా తూర్పు అంచున, కయా కొండల్లో చిన్న బట్టల కొట్టు నడిపేది. ఏటా మన రంగూన్‌కి, అదే యాంగోన్‌కి వచ్చి, పబేడాన్ బజారులో మా ఆయన పనిచేసే కొట్లో తానులు కొనుక్కెళ్ళేది. యుద్ధం వాళ్ళ ఊరి మీదికి వచ్చినప్పుడు ఊరంతా అడవిలోకి పోయింది. ఆ అడవిలో ఉండగానే రొమ్ములో గడ్డ చేతికి తగిలిందట. యాంగోన్‌లో ఆవిడకి తెలిసినవాడు గుడ్డ కొలిచి ఇచ్చే మా ఆయన ఒక్కడే. ఒక సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి వచ్చి నిలబడితే, ఆయన తాకేటా పేటలో మా ఇంటికి తీసుకొచ్చేశారు. "ఏటి సేస్తావో సెయ్యి. నాకు మాత్రం కాదనడానికి నోరు రాలేదు" అన్నారు గుమ్మంలోనే. మేడ మీద ఆరబెట్టిన అప్పడాలు తీసేసి ఆ గది ఇచ్చాను.

వచ్చిన కొత్తలోనే మా అమ్మాయి మీద కేకలేసింది. మన పిల్లలు "అమ్మా" అంటారు కదా. బర్మా భాషలో "అమ" అంటే అక్క, తల్లి "అమే". "కన్నతల్లిని అక్కా అక్కా అని పిలుస్తావేం పిల్లా? ఇంత చదువు చదివి!" అని కోప్పడింది. మా అమ్మాయి కొంటెది. "మా ఇంట్లో అంతేనండీ. ఈవిడ అందరికీ అక్కే" అని చెప్పేసి పోయింది. ఇంటి పద్ధతి కాబోలనుకుని, ఆవిడ కూడా నన్ను "అమ" అని పిలవడం మొదలుపెట్టింది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నా చెవికేమో అది అచ్చంగా అమ్మ అన్నట్టే వినపడేది. మా ఆయన ఊరుకుంటారా? "ఏటే, నీకంటే పెద్ద కూతురు పుట్టిందేటి నీకు!" అని నవ్వేవారు.

ఆపరేషన్ అయింది. సెలైన్లో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. జుట్టు రాలింది, నోరు చేదైపోయింది. గోంగూర ఒక్కటే సయించేది. దాన్ని వాళ్ళు చింబౌం అంటారు. "మీరు కారం ఎక్కువేసి పాడుచేస్తారు" అంటూనే గిన్నె ఖాళీ చేసేది. పొద్దున్నే నేను దీపం పెడితే పక్కన నిలబడి శిలువ గుర్తు వేసుకునేది. "నీ దేవుడూ నా దేవుడూ ఒకే వీధిలో ఉంటే బాగుణ్ణు, ఒక్క బస్సుతో సరిపోయేది" అనేది.

ఆవిడ భయమంతా జబ్బు గురించి కాదు. ఇక్కడ ఇంట్లో బయటివాళ్ళు రాత్రి ఉంటే వార్డు ఆఫీసులో చెప్పి రాయించాలని మీకు తెలుసు. కొండల ఊరి పేరు చూస్తే వాళ్ళకి అనుమానం. ప్రతి వారం వెళ్ళి రాయించేదాన్ని. మందు సగంలో ఉండగా అక్కడి అధికారి ఇంక కుదరదన్నాడు. "ఈ వారంతో సరి. పంపించేయండి." పంపిస్తే ఎక్కడికి? మందు మధ్యలో ఆపితే ఇంతవరకు పడ్డదంతా వృథా అని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది.

ఆ రోజు ఆవిడ కూడా నాతో వచ్చింది, తలకి గుడ్డ కట్టుకుని. "ఈ ఇల్లావిడ నీకేమవుతుంది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "అమ" అనేసింది.

అతను పకపకా నవ్వాడు. "అక్కా? నీకంటే చిన్నది. పైగా ఇండియా మొహం. ఏ తల్లి కన్నదమ్మా మీ ఇద్దర్నీ?"

ఎక్కడినుంచి వచ్చిందో నాకు గొంతు. "అన్నా, అది మా భాషలో మాట. మా భాషలో అమ్మ అంటే తల్లి. ఇన్నాళ్ళూ ఈవిడ నన్ను అలాగే పిలుస్తోంది. అమ్మా అని పిలిచినదాన్ని, మందు సగంలో ఉండగా, గుమ్మం బయటికి ఎలా పంపను? నువ్వే చెప్పు" అన్నాను.

అతను కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వీళ్ళింట్లో ఎవరికెవరు ఏమవుతారో ఆ బుద్ధుడికే తెలియాలి" అని పక్కవాడితో అని, వైద్యం అయ్యేదాకా ఉండనిచ్చాడు. తర్వాత కూడా మళ్ళీ పొమ్మనలేదు. అతని బిడ్డలు చల్లగా ఉండాలని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

బయటికి రాగానే, "నిజంగా తల్లేనా? మీ పిల్ల చెబితే నమ్మానే!" అంటూ కుట్లు పట్టుకుని నడిరోడ్డు మీద నవ్వింది. "పిలుపు మార్చనా?"

"మార్చకు" అన్నాను.

తర్వాత "కరెంటు పెట్టడం", అదే రేడియేషన్, కూడా అయింది. "మనింటికి రాని కరెంటు ఈవిడకి పెడతారట!" అన్నారు మా ఆయన. ఆవిడ బతికింది. ఊరు కాలిపోయింది కాబట్టి మా మేడ మీదే ఉండిపోయింది. జుట్టు మళ్ళీ మొలవగానే ఆసుపత్రి బెంచీల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. కొండలనుంచి, యుద్ధం జరిగే చోట్లనుంచి వచ్చే ఆడవాళ్ళకి ఏ కిటికీ దగ్గర నిలబడాలో, డాక్టరు ఏమన్నారో వాళ్ళ భాషలో చెప్పేది. భయపడి వెళ్ళిపోతామన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని, "గుడ్డ చిరిగితే చిరిగినచోట కుడతాం. తానంతా పారేస్తామా?" అనేది.

నాకూ మా అమ్మాయికీ రొమ్ము తడిమి చూసుకోవడం ఆవిడే నేర్పింది. "నేతలో ముడి వెతికినట్టు నెమ్మదిగా వెతకాలి. సిగ్గుపడితే ముడి దొరకదు." మీలో కొందరికి భజన అయ్యాక నేను చెవిలో చెప్పిన మాట ఇదే. నా మాట కాదు, ఆవిడది.

పోయిన ఏడాది జబ్బు ఎముకల్లోకి తిరిగి వచ్చింది. ఈసారి మందు పనిచెయ్యలేదు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. "నా మనవణ్ణి ఫోన్లో చూశాను. ఆ అడవిలోనే పోయి ఉంటే ఇది ఉండేదా?" అంది.

మట్టి చేసిన రోజు పెద్ద వాన. సొంతవాళ్ళు లేరన్నాను కదా, కానీ ఆడవాళ్ళు వచ్చారు. ఆవిడ బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళు. తలగుడ్డలు తడిసి బరువెక్కితే, ఒకరి తర్వాత ఒకరు విప్పి పిండుకున్నారు. ఒకామెది నున్నని బోడి తల. ఒకామెకి అప్పుడే మొలిచిన నూగు. ఒకామెకి చెవులదాకా ఉంగరాల జుట్టు. అందరికంటే వెనక నిలబడినామెకి నడుందాకా జడ, దాని చివర ఎర్ర రిబ్బను. ఎవరూ తల కప్పుకోలేదు. వాన అందరి తలల మీదినుంచీ కారుతోంది.

ఈ కాగితాలు చదివి మీ దగ్గరే దాచుకోండి, బయటివాళ్ళకి, వార్డు ఆఫీసువాళ్ళకి అసలే, చూపించకండి. ఆ వానలో తడిసిన ఆడవాళ్ళంతా ఇంకా ఎవరెవరి మేడల మీదో ఉన్నారు.