కొర్రల్లో కలిసిన గిలిగిచ్చ

నా జబ్బు గురించి నేను నోరు తెరిచినప్పుడల్లా ఎదుటివాళ్లు నవ్వారు. ఇంతవరకు ఎవరూ చివరిదాకా వినలేదు. మీరైనా వినండి.

మాది కోసిగి దగ్గర పల్లె. ఆ ఏడు కొర్ర విత్తి, నేనూ నా భార్య జుబేదా బెంగళూరుకు కట్టడం పనికి పోయాం. కలుపు తీసేవాళ్లు లేక చేనంతా గిలిగిచ్చ కమ్ముకుంది. పసుపు పూల మొక్క అది, కాయ ఎండితే లోపల గింజలు గలగలమంటాయి. తిరిగొచ్చి రెండూ కలిపే కోసి నూర్చాం. చెరిగినా ఆ గింజలు పోలేదు. అందరిళ్లలోనూ ఉండేవే కదా అని అలాగే వండుకు తిన్నాం.

ఒక ఉదయం లుంగీ ముడి పడలేదు. పొట్ట కుండలా ఉంది. పట్నం ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, లివర్ డ్యామేజ్ అన్నారు. డాక్టరు తలెత్తలేదు.

“ఎంత తాగుతావప్పా?”

“ముట్టను సార్. నమాజు చేసేవాణ్ణి.”

“అందరూ ఇట్లనే చెప్తారు.”

పక్క మంచమాయన, “యాడ దాచి తాగుతాంటివి మౌలాలీ? మాకు ఒక చుక్క పోయకపోతివే!” అన్నాడు. వార్డంతా నవ్వింది.

సూదితో పొట్టలో నీరు తీశారు. మళ్లీ చేరింది. “బలానికి కొర్రజావ తాగు. మిల్లెట్స్ శానా మంచివి” అన్నాడు డాక్టరు. జుబేదా మా చేని కొర్రలతోనే కాచి రోజూ క్యాన్‌లో తెచ్చేది. నాకు వాంతయ్యేది. పారబోయడానికి మనసొప్పక మిగిలింది తనే తాగేది.

“నాకూ రవిక బిగుతుగా ఉండాది” అంది ఒకరోజు.

డాక్టరుకు చెప్పాను. “ఆమెకూ ఉబ్బుతాండాది సార్. ఆమె కూడా తాగుతాదా?”

“ఆడవాళ్ల డాక్టరుకు చూపించుకోమను.”

ఆమెను వేరే వార్డులో చేర్చారు. రెండు పొట్టలను కలిపి చూసినవాళ్లు లేరు. పచ్చకామెర్లు ముదిరి జుబేదా పోయింది. నేనే తాగి ఆమెకూ తాపించానని ఊరంది.

తర్వాత కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మొదటిసారి, “ఇంట్లో ఏం తింటారు?” అని అడిగింది. ఇంట్లో మిగిలిన కొర్రలు తెప్పించి కాగితం మీద పోయించింది. గిలిగిచ్చ గింజలను వేలితో పక్కకు తీసింది. “ఇవి లివర్‌లో సన్నటి రక్తనాళాలను మూసేస్తాయి. వీనో ఆక్లూజివ్ డిసీజ్. నీది తాగుడు జబ్బు కాదు” అంది. ఆ మాట వినడానికి జుబేదా లేదు.

ఇప్పుడు ఉప్పు లేని కూడు తింటున్నాను. బరువు ఎత్తలేను. చేనులో గిలిగిచ్చ పూసిందంటే కోతకు ముందే పీకండి. ఇంట్లో ఇద్దరికి పొట్టలు ఉబ్బితే గింజలు పట్టుకుని ఆసుపత్రికి పోండి.

ఆ మొదటి డాక్టరుగారూ, నేను తాగుబోతునే అనుకుందాం. మీరు చెప్పిన జావ తప్ప జుబేదా ఏం తాగింది? జవాబు చెప్పండి.