ఫోన్లో నాయనకు కాళ్లుండవు

2023 వేసవి. కడపలో ఏడురోడ్ల దగ్గర మస్తాన్ భాయ్ పుస్తకాల అంగడి వెనక గదిలో నాకొక బల్ల, ఒక కంప్యూటరు, గాలి కంటే శబ్దం ఎక్కువిచ్చే ఒక ఫ్యాను ఉండేవి. పిల్లల నవ్వుల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా వృత్తి. ఈ మాట చెప్పగానే జనం "మరి తిండికి?" అంటారు. తిండికి ఫ్లెక్సీలు. నాయకుల వెంట్రుకలు నల్లగా చేసి, అనుచరుల ముఖాలను కింద వరుసగా పేరుస్తాను. అదీ ఒక రకంగా హాస్యచిత్రమే, కాకపోతే అక్కడ నవ్వకూడదు.

ఆ ఏడాది నేను బొమ్మలు వేసిన పుస్తకం ఒకటి బాగానే పోయింది. అందులో జానెడు మీసాల పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఊరంతా ఆయనకు భయపడుతుంది, ఆయన ఒక కోడిపిల్లకు భయపడతాడు. పేజీ తిప్పేకొద్దీ కోడిపిల్ల దగ్గరికొస్తుంది, మీసాలు కిందికి దిగుతాయి. అంతే కథ. ఇలాంటి మనిషిని మొదటినుంచి చివరిదాకా ఒకేలా వేయాలంటే ముందు క్యారెక్టర్ షీట్ తయారు చేసుకోవాలి. అంటే ఒకే కాగితం మీద ఆ మనిషిని ఎదురుగా, పక్కనుంచి, నవ్వుతూ, ఏడుస్తూ, పరిగెత్తుతూ వేసి పెట్టుకోవడం. లేకపోతే మూడో పేజీలో ముక్కు ఏడో పేజీకొచ్చేసరికి ఇంకొకరిదైపోతుంది. పెద్దవాళ్లు గమనించరు. పిల్లలు వదలరు.

ఒక మధ్యాహ్నం మస్తాన్ భాయ్ చెమటలు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"తమ్ముడూ, నీ పుస్తకంలో మనిషి బయట నిలబడుకోనుండాడు. పుస్తకం గూడా చేతిలో ఉండాది. వెనకపక్క పోతావా, నువ్వు ఊర్లో లేవని చెప్పల్లా?"

ఆ గదికి వెనక వాకిలి లేదు. గదిని నాకు బాడుగకిచ్చినాయనకు ఆ సంగతి గుర్తులేనంత కంగారు. మా సీమ మీద మిగతా రాష్ట్రానికి ఒక అభిప్రాయం ఉంది. మీసం ఉన్నోడు వస్తే సుమోలు కూడా వస్తాయని. ఆ అభిప్రాయం మస్తాన్ భాయ్‌కి కూడా ఉండడం సినిమాల పుణ్యం. బయటికెళ్లి చూస్తే నిజంగా అవే మీసాలు. సుమో లేదు. ఆయన ఆటోలో వచ్చాడు, అదీ షేర్ ఆటో.

పేరు ఓబులేసు. రాజంపేట దారిలో ఒక పల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. బెంచీ చివర కూచుని, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని చెప్పుకొచ్చాడు. భార్య కడుపుతో ఉండగా పోయాడు. మధ్యలో ఒకసారి రావలసింది, కరోనా అడ్డమొచ్చింది. ఇప్పుడొచ్చేసరికి కూతురు ప్రసన్నకు ఐదో ఏడు. ఆ పిల్ల రోజూ ఫోన్లో నాయనతో గంటసేపు కబుర్లు చెప్పేది. ఆ నాయనే ఎదురుగా గడప దాటి వస్తే నాయనమ్మ వెనక, అదే వాళ్ల జేజి వెనక దాక్కుంది. ఇంతవరకూ దగ్గరికి రాలేదు. వాళ్లమ్మను పక్కకు పిలిచి, "ఈయప్పను పంపీమ్మా, నాయన ఫోన్ చేస్తాడు" అందట.

ఓబులేసు ఒకరోజు మిద్దె మీదికి పోయి అక్కణ్నుంచి వీడియో కాల్ చేశాడట. కింద పిల్ల ఎగిరి గంతేసి, తిన్నదీ తాగినదీ అన్నీ చెప్పింది. సంతోషంతో మెట్లు దిగి వచ్చాడు. మళ్లీ జేజి వెనకాలే. ఇది నేను నవ్వాల్సిన చోటో కాదో తేల్చుకోలేక గ్లాసెడు నీళ్లు తాగాను.

"సెలవు అయిపోవస్తాండాదప్పా," అన్నాడు. "వచ్చే వారం మళ్లీ పోవల్ల. పోయేలోగా ఒక్కసారి నా దగ్గరికొస్తే చాలు. ఈ పుస్తకమంటే పాపకు ప్రాణం. ఈ మీసాలాయన్ను చూసి పడీపడీ నగుతాది. ఆ బొమ్మ నన్ను చూసే ఏసినానని నువ్వొచ్చి ఒక మాట చెప్పు."

మీసం తీసేస్తే పోదా అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో కొంచెం సుమో కనిపించింది. తండ్రి పోతేనే కొడుకు మీసం తీసేది. వాళ్ల నాయన వెంకటసుబ్బయ్య నిక్షేపంగా ఉన్నాడు. మరునాడు వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ పెద్దాయనే వాకిట్లో నన్ను నిలేశాడు. "మీసం తియ్యమంటివంట గదా. నాకు తొందరేం లేదప్పా, నీకేమన్నా ఉండాదా?"

అబద్ధం చెప్పడానికి నాకు అభ్యంతరం ఉండదు, పట్టుబడడానికే. ప్రసన్నను కూచోబెట్టి, ఈ బొమ్మ మీ నాయన్ను చూసే వేశానని చెప్పాను. ఆ పిల్ల వాళ్ల జేజి కొంగు పట్టుకునే పుస్తకం తెరిచింది. బొమ్మను చూసింది, మంచం మీదున్న మనిషిని చూసింది. పుస్తకంలో ఆయనకు పొట్ట ఉంది, ఈయనకు లేదంది. నా షీట్ నాకే ఎదురు తిరిగింది.

ఓబులేసు ఊరుకోలేదు. పక్కింటి నుంచి కోడిపిల్లను తెప్పించి, భయపడి చూపిస్తానన్నాడు. వద్దనే లోపే కోడిపిల్ల ఒళ్లోకి వచ్చింది, ఆయన మంచం మీంచి లేచి కేక పెట్టాడు. కువైట్‌లో అన్నేళ్లు ఎవరి మీదా పెట్టలేని కేకలన్నీ కలిపి పెట్టినట్టుంది. కోడిపిల్ల మంచం కిందికి పారిపోయింది. ప్రసన్న ఏడుస్తూ ఇంట్లోకి పారిపోయింది. ఆయన అలాగే నిలబడి, "ఎక్కువైందా?" అని అడిగాడు. కొంచెం అన్నాను.

ఓబులేసు భార్య రవణమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టింది. ఓబులేసు తినకుండా ప్లేటునే చూస్తున్నాడు. మా వృత్తిలో మాటలు లేనప్పుడు చేతులు ఊరుకోవు. సంచిలోంచి కాగితాల కట్ట తీసి థంబ్‌నెయిల్స్ గీయసాగాను. పేజీ వేసే ముందు పోస్టల్ స్టాంపంత డబ్బాలు గీసి, వాటిల్లో బొమ్మను చిన్నగా వేసి చూసుకోవడాన్ని అలా అంటాం. అలవాటుగా ఒక డబ్బాలో ఎదురుగా ఉన్న మనిషి ముఖం వేశాను. ముఖం, మీసం, అంతే.

కొంతసేపటికి నా భుజం వెనక ఊపిరి వినిపించింది.

"ఫోన్లో నాయన," అంది ప్రసన్న.

నేను తల తిప్పలేదు. డబ్బా కింది గీతను దాటి మెడ, చొక్కా, లుంగీ వేసుకుంటూ పోయాను. వేలు అడ్డం పెట్టింది.

"ఫోన్లో నాయనకు కాళ్లుండవు."

నిజమే కదా. ఆ పిల్ల అయిదేళ్లలో ఆ మనిషిని ఛాతీ దాకానే చూసింది. అరచేతిలో పట్టే నాయన, ఛార్జింగ్ అయిపోతే పోయే నాయన. గడప దాటి వచ్చినవాడు ఆరడుగులు, పైగా నడుస్తాడు. నేనైనా దాక్కునేవాణ్ని.

"ఉంటాయేమో," అన్నాను. "నేను సరిగ్గా చూడల్యా. పోయి చూసిరా, ఏస్తాను."

వసారా స్తంభం దాకా వెళ్లి తొంగి చూసింది. వెనక్కి వచ్చింది.

"రెండుండాయి."

"ఎట్లుండాయి?"

మళ్లీ వెళ్లింది. ఈసారి స్తంభం దాటి వెళ్లింది. ఓబులేసు ఫొటో తీయించుకునేవాడిలా బిగుసుకుపోయాడు. పిల్ల వంగి చూసి వచ్చి, ఒక బొటనవేలికి గోరు లేదని చెప్పింది. కువైట్‌లో కారు టైరు మారుస్తుంటే జాకీ జారి పడిందని ఓబులేసు గోడకు చెప్పాడు, పిల్లకు చెప్తే పారిపోతుందని. రవణమ్మ తలెత్తి చూసింది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది. ఫోన్లో అది పట్టలేదు.

నేను గోరు లేని వేలు వేశాను. ప్రసన్నకు నచ్చలేదు. నా చేతిలోంచి పెన్సిలు తీసుకుంది, ఒక కాగితం తీసుకుంది. తిన్నగా మంచం దగ్గరికి పోయి కాగితం నేల మీద పరిచింది.

"ఆ కాలు దీని మీద పెట్టు," అంది.

అదీ ఆ పిల్ల ఎదురుగా ఉన్న నాయనతో మాట్లాడిన మొదటి మాట. పెద్దగా చెప్పుకోదగ్గదేం కాదు. ఓబులేసు పెట్టాడు. ఆ పిల్ల ఎడమ చేత్తో మడమ అదిమిపట్టి, పాదం చుట్టూ పెన్సిలు తిప్పడం మొదలుపెట్టింది. వేళ్ల సందుల్లోకి వచ్చేసరికి ఆయనకు కితకితలు పుట్టాయి. పళ్లు బిగించాడు. రెండో సందు దగ్గర ఆగలేకపోయాడు. నవ్వితే ఆ మీసాలు నేను పుస్తకంలో వేసిన దానికంటే ఘోరంగా వణికాయి. ప్రసన్న తలెత్తి చూసింది. పెన్సిలును కావాలనే అదే సందులో ఇంకోసారి తిప్పి, తనూ నవ్వింది. ఏడుపులు, కౌగిలింతలు ఏమీ జరగలేదు. "ఇంగో కాలు," అంది అంతే.

వెంకటసుబ్బయ్య ఎందుకో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దుమ్ము అన్నాడు. కడప ఎండాకాలంలో అది నిజమే అయ్యుండొచ్చు.

ఓబులేసు మరుసటి వారం వెళ్లిపోయాడు. విమానానికి బయల్దేరే ముందు పిల్ల ఒళ్లో కూచుందట, కాకపోతే కాళ్లు కొలవడానికట. మొన్న నాకు కాల్ చేశాడు. ఇప్పుడు వీడియో కాల్‌లో ముఖం చూడగానే "కాళ్లు చూపీ" అంటుందట. ఆయన ఫోన్ కిందికి వంచి బూట్లు విప్పి చూపిస్తున్నాడట. "ఈడ రూమ్‌లో అందరూ నాకు మతి పోయిందనుకుంటాండారు సారూ," అన్నాడు. గొంతులో దిగులేమీ వినిపించలేదు.

నవ్వుల పుస్తకమంటే పెద్దమనుషుల్ని కింద పడేయడమే అనుకునేవాణ్ని. ఇప్పుడూ పడేస్తూనే ఉన్నాను, అదే నా వృత్తి. కానీ ముఖం పెద్దగా కనబడాలని బొమ్మను నడుం దాకా కత్తిరించమని ఎడిటర్లు ఫోన్ చేసి అడిగితే మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎందుకని అడుగుతారు. ఓబులేసు సంగతంతా చెప్పను, ఫోన్ బిల్లు వాళ్లదే అయినా సరే. మనిషిని కింద పడేయాలంటే ముందు వాడికి కాళ్లుండాలి కదండీ అంటాను.